పిచ్చాసుపత్రికి రెండో గేటు ఏది?

"నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలిరా" అని హైదరాబాదులో ఒక స్నేహితుడు ఇంకొకణ్ని ఆటపట్టిస్తే, ఆ మాటకి అర్థం ఎవరూ అడగరు. ఉత్తరాంధ్రలో అదే వెక్కిరింతకి వాల్తేరు పేరు వాడతారు. మద్రాసులో కీల్పాక్ అంటారు, హిందీ మాట్లాడే చోట్ల ఆగ్రా అనో రాంచీ అనో అంటారు. ఈ పనిలో లండన్ వాళ్లు అందరికంటే ముందున్నారు. 1247లో మొదలైన బెత్లెం ఆసుపత్రి పేరు జనం నోళ్లలో నలిగి నలిగి 'బెడ్లం' అయింది. చివరికి గందరగోళానికి మారుపేరుగా నిఘంటువుకే ఎక్కింది. పాపం, ఎర్రగడ్డలో రైతు బజారుంది, ఛాతీ ఆసుపత్రి ఉంది, మెట్రో స్టేషనుంది. అయినా వెక్కిరించేవాడికి గుర్తొచ్చేది ఒక్క ప్రహరీ గోడే.

ఆ నవ్వులో కొంత భయం కూడా కలిసి ఉంటుంది. లోపలికి వెళ్లినవాడు మళ్లీ ఇంటిముఖం చూడడన్న భయం. రెండు వందల ఏళ్ల చరిత్ర తిరగేస్తే అది ఉత్తుత్తి భయమని కొట్టిపారేయలేం. ప్రభుత్వ పిచ్చాసుపత్రుల్ని కట్టినవాళ్లూ, నడిపినవాళ్లూ, వాటి మీద చట్టాలు రాసినవాళ్లూ మనిషిని లోపలికి ఎలా తీసుకోవాలో చాలా శ్రద్ధగా ఆలోచించారు. ఏ అధికారి పట్టుకోవాలి, ఏ మేజిస్ట్రేటు సంతకం పెట్టాలి, ఏ రిజిస్టరులో ఏ గడి నింపాలి, అన్నీ రాసిపెట్టారు. బయటికి పంపే సంగతికి వచ్చేసరికి సిరా పలచబడింది. ఇవాళ్టికీ ఆ పేజీ సరిగా నిండలేదు.

మన వైపు ఈ కథ మద్రాసులో మొదలవుతుంది. 1794లో వాలెంటైన్ కొనొలీ అనే ఈస్టిండియా కంపెనీ సర్జన్ అక్కడ మతిస్థిమితం లేనివాళ్ల కోసం ఒక ఇల్లు తెరిచాడు. పదహారు మందికి చోటు. దాన్ని ఆసుపత్రి అనడం కంటే వ్యాపారం అనడమే నిజానికి దగ్గర. ఇల్లు డాక్టరుది, డబ్బు కంపెనీది. కొనొలీ తర్వాత అది మారీస్ ఫిట్జరాల్డ్ చేతికి, ఆ తర్వాత జేమ్స్ డాల్టన్ చేతికి వెళ్లింది. డాల్టన్ దాన్ని తిరగగట్టించాడు. జనం దాన్ని 'డాల్టన్ పిచ్చాసుపత్రి' అనేవారు. ఆసుపత్రి చేతులు మారినప్పుడల్లా రోగులు కూడా సామానుతో పాటే చేతులు మారారన్నమాట. 1871లో కీల్పాక్‌లోని లోకాక్ తోటలో ప్రభుత్వమే సొంతంగా ఆశ్రయం తెరిచాక గానీ ఆ కాంట్రాక్టు తీరు పోలేదు. ఆ కాలంలోనే మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం, కాలికట్ ఆశ్రయాలు కూడా వెలిశాయి. తెలుగు జిల్లాల్లో మనిషికి మతి తప్పితే దారులు రెండే, వాల్తేరు లేదా చెన్నపట్నం. నిజాం ఇలాకాలో జాల్నా ఉండేది. ఎర్రగడ్డ కథ 1950ల నాటిది. (పాత కాగితాల్లో 'హైదరాబాద్ అసైలం' అని కనిపిస్తే తొందరపడకూడదు. కావస్‌జీ జహంగీర్ విరాళంతో లేచిన ఆ ఆశ్రయం ఉన్నది సింధు హైదరాబాదులో.)

ఈ ఆశ్రయాలన్నిటికీ పునాది 1858 నాటి చట్టాలు. తిరుగుబాటు అణిగి, కంపెనీ పోయి రాణి పాలన వచ్చిన ఏడాదే 34, 35, 36 నంబర్లతో మూడు చట్టాలు వరసగా వచ్చాయి. మొదటి రెండింటికీ ముఖ్యమైన బాధ మతి తప్పినవాడి ఆస్తి. దాన్ని ఎవరు చూసుకోవాలి, ఏ కోర్టు తేల్చాలి అన్నదే గొడవంతా. మూడోది మాత్రమే ఆశ్రయాల గురించి. అందులోనూ మొదటి అడుగు పోలీసుదే. వీధుల్లో తిరుగుతున్న మతిలేనివాణ్ని, ప్రమాదకరం అనిపించినవాణ్ని పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడం పోలీసు విధి. డాక్టరు ధ్రువపత్రం ఇస్తాడు, మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తాడు, గేటు తెరుచుకుంటుంది.

లోపల ఎలా నడుస్తోందో చూడ్డానికి 'విజిటర్లు' అనే ఏర్పాటుంది. కనీసం ముగ్గురు, వాళ్లలో ఒకరు వైద్యుడు. చదవగానే బాగానే ఉందనిపిస్తుంది. అయితే అడక్కుండానే, హోదా రీత్యా, తన పరిధిలోని ఆశ్రయాలన్నిటికీ విజిటరుగా చట్టం ఎవర్ని నియమించిందో చూడాలి. జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్‌ని! 1912లో కొత్త లూనసీ చట్టం వచ్చాక కూడా ఆ కుర్చీ కదల్లేదు. మన పాత మానసిక వైద్యశాలలు జైళ్లలా ఎందుకుంటాయని అడిగేవాళ్లకు సగం జవాబు ఆ ఒక్క పదవిలో దొరుకుతుంది. ఎత్తైన గోడ, ఇనుప చువ్వల గది, రాత్రి తాళం, పొద్దున లెక్క. రోగి బాగుపడ్డాడా అన్నది ఆ కొలమానంలో లేదు. తప్పించుకున్నాడా లేదా అన్నదే ఉంది.

రిజిస్టరు గురించి చెప్పుకోకపోతే ఈ కథ సగంలోనే ఆగిపోతుంది. ఆశ్రయంలో చేర్చుకునే ప్రతి మనిషికీ ఒక ఫారం ఉండేది. అందులో పిచ్చికి 'కారణం' అని ఒక గడి. గడి ఉన్నాక ఖాళీగా వదిలితే పైవాడు ఊరుకోడు. తీసుకొచ్చిన కానిస్టేబులుకి మనిషి ఎవరో తెలియదు, వెంట చుట్టం లేడు, మేజిస్ట్రేటు గుమాస్తాకి తీరిక లేదు. అప్పుడు చేతికి అందిన మాట 'గంజాయి'. ఏళ్ల తరబడి ఆ మాట గడుల్లో పడుతూ, వార్షిక నివేదికల్లో కూడికలై, చివరికి గంజాయి తాగితే హిందూదేశంలో జనానికి పిచ్చెక్కుతోందన్న సిద్ధాంతమై లండన్ పార్లమెంటు దాకా పోయింది. దాన్ని తేల్చడానికే 1893లో గంజాయి మీద ఒక కమిషన్ వేశారు. ఆ కమిషన్ 1892లో గంజాయి పేరుతో నమోదైన కేసుల్ని ఒక్కొక్కటిగా వెనక్కి తవ్వుకుంటూ పోయింది. సగం కూడా నిలబడలేదు. ఒక గుమాస్తా తోచక నింపిన గడి సామ్రాజ్యపు శాస్త్రమైపోయిందని ప్రభుత్వమే వేసిన కమిషన్ 1894లో తేల్చాల్సొచ్చింది. మన దఫ్తరాల గురించి ఇంతకంటే మంచి పిట్టకథ దొరకడం కష్టం.

పిచ్చికి రంగు ఉండదు గానీ పిచ్చాసుపత్రికి ఉండేది. మతి తప్పిన తెల్లవాడు నేటివుల కళ్లబడితే దొరతనానికే తలవంపులని కంపెనీ అనుకుంది. అందుకే 1818 నుంచి అలాంటివాళ్లను ఓడెక్కించి లండన్ శివార్లలోని పెంబ్రోక్ హౌస్‌కి పంపేవాళ్లు. 1870 తర్వాత ఆ పని ఈలింగ్‌లోని ఆశ్రయం చూసుకుంది. అక్కడ తలుపులు మూతబడ్డాక ఇక్కడే మంచి చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. 1918లో రాంచీ దగ్గర కాంకేలో, చల్లటి గాలి తగిలే పీఠభూమి మీద, యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ ఆసుపత్రి తెరిచారు. మరుసటి ఏడాది దానికి సూపరింటెండెంటుగా వచ్చినవాడు ఓవెన్ బర్క్‌లీ హిల్.

అతనిది విచిత్రమైన తీరు. ఫ్రాయిడ్ శిష్యకోటిలో చేరినవాడు, మలబారు అమ్మాయిని పెళ్లాడినవాడు, దొరల క్లబ్బుల్లో ఎవరికీ మింగుడుపడనివాడు. రోగుల చేతికి పని ఇవ్వడం వైద్యంలో భాగమని నమ్మి, కాంకేలో ఆ పద్ధతి గట్టిగా అమలు చేశాడు. 'అసైలం' అన్న పేరే తీసేయాలని పట్టుబట్టినవాళ్లలో అతనొకడు. 1920ల మొదట్లో దేశంలోని అసైలంలన్నీ మెంటల్ హాస్పిటళ్లయ్యాయి. కీల్పాక్ బోర్డూ 1922లో మారింది. పేరు మారితే తీరు మారుతుందన్న నమ్మకం అప్పుడే మొదలైంది. ఆ నమ్మకం మన ప్రభుత్వాలకు ఇప్పటికీ తగ్గలేదు. అసైలం పోయి మెంటల్ హాస్పిటల్, అది పోయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. ఈ బోర్డులకు అయిన రంగు ఖర్చుతో ఒక వార్డుకి కిటికీలు వచ్చేవేమో.

అదే కాంకేలో, దొరల ఆసుపత్రికి కూతవేటు దూరంలో, 1925లో భారతీయుల కోసం ఇంకొక ఆసుపత్రి తెరిచారు. మొదటి సూపరింటెండెంటు ధన్‌జీభాయ్ అనే పార్సీ వైద్యుడు. గాలి ఒకటే, నేల ఒకటే, రోగం ఒకటే, ఖర్చు మాత్రం వేరు. దొరల ఆసుపత్రి స్వాతంత్ర్యం తర్వాత కేంద్రం చేతికెళ్లి పేరున్న బోధనా సంస్థగా ఎదిగింది. బీహారు ప్రభుత్వం చేతిలో మిగిలిన రెండోదాని సంగతి 1980ల్లో ఒక ఉత్తరం రూపంలో సుప్రీంకోర్టు చేరింది. పరుపులు, దుప్పట్లు, అన్నం, మందులు, డాక్టర్లు, అన్నిటికీ కొరతే. దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒక ఆసుపత్రి వంటగదిలోకీ స్టోరు గదిలోకీ తొంగిచూసి, పూటకు ఇంత పెట్టాలని ఉత్తర్వులివ్వాల్సి వచ్చింది. ఏడెనిమిదేళ్లు కాదు, ఇంకా ఎక్కువే కోర్టు దాని వెంటపడింది. 1998కి అది స్వతంత్ర ప్రతిపత్తి ఉన్న సంస్థగా మారాక కొంత తేరుకుంది.

వెనక్కి ఒక్క అడుగు. 1946లో భోర్ కమిటీ దేశ ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చింది. రాంచీ యూరోపియన్ ఆసుపత్రి సూపరింటెండెంటు కర్నల్ మూర్ టేలర్ మానసిక వైద్యశాలలు తిరిగొచ్చి అందులో తన మాట చేర్చాడు. ఇవి చాలావరకు కాలం చెల్లినవి, మనుషుల్ని నిర్బంధించి భద్రంగా ఉంచడానికి కట్టినవే తప్ప నయం చేయడానికి కట్టినవి కావు అన్నది దాని సారాంశం. అప్పటికి అవిభక్త భారతమంతటికీ కలిపి ఈ ఆసుపత్రుల్లో ఉన్నవి పదివేల పైచిలుకు పడకలు. జనాభా నలభై కోట్లు.

ఆ మరుసటి ఏడాదే దేశం రెండైంది. పొలాలు, రైళ్లు, ఖజానా, గ్రంథాలయాలు పంచుకున్నట్టే పిచ్చాసుపత్రుల్నీ పంచుకున్నారు. లాహోర్ ఆసుపత్రిలోని హిందూ, సిక్కు రోగులు సుమారు 450 మందిని 1950లో అమృత్‌సర్‌కి తరలించారు. ఇటునుంచి ముస్లిం రోగుల్ని అటు పంపారు. ఉర్దూ రచయిత మంటో ఆ సంగతిని కథ చేసి వాళ్ల పేరు నిలబెట్టాడు. కథ చదివినవాళ్లకు సరిహద్దు ముళ్లకంచె గుర్తుంటుంది. తరవాత ఆ అమృత్‌సర్ ఆసుపత్రిలో ఏం జరిగిందో గుర్తున్నవాళ్లు తక్కువ.

జరిగింది చాలా పెద్ద పని, చాలా చిన్న ఖర్చుతో. 1950ల్లో అక్కడ డాక్టర్ విద్యాసాగర్ సూపరింటెండెంటుగా ఉండేవారు. ఆసుపత్రి కిక్కిరిసిపోయింది, సిబ్బంది చాలరు. ఆయన పట్టాలెక్కించిన ఆలోచన ఇప్పటి మేనేజిమెంటు పుస్తకాల్లో కూడా కనబడదు. ఆవరణలో గుడారాలు వేయించి రోగి వెంట తల్లినో, భార్యనో, అన్ననో వచ్చి ఉండమన్నారు. వంట వాళ్లదే. మందు వేయడం, స్నానం చేయించడం, కోపం వచ్చినప్పుడు పక్కన కూర్చోవడం వాళ్లే నేర్చుకున్నారు. సాయంత్రాలు డాక్టరు అందర్నీ చుట్టూ కూర్చోబెట్టి ఈ జబ్బు దెయ్యమూ కాదు, పూర్వజన్మ పాపమూ కాదని వాళ్ల భాషలో విడమరిచి చెప్పేవారు. ఫలితం రోగులు త్వరగా కోలుకోవడం ఒక్కటే అయితే ఇక్కడ ఇంత చెప్పుకోనక్కర్లేదు. రోగికి నయమయ్యేనాటికి తీసుకెళ్లే చుట్టం గేటు బయట కాదు, గుడారంలో పక్కనే ఉండేవాడు. వందేళ్ల ఆశ్రయాల చరిత్రలో బయటికి దారి గురించి లోపలికి తీసుకున్న రోజే ఆలోచించిన అరుదైన పాలకుడు ఆయన.

నిజానికి పాత చట్టాల్లో బయటికి దారి అస్సలు లేదని అనడం అన్యాయం. ఒక వైద్యుడితో సహా ముగ్గురు విజిటర్లు రాతపూర్వకంగా ఉత్తర్విస్తే రోగిని పంపేయొచ్చు. బంధువు పూచీ పడితే అప్పగించొచ్చు. ఎటొచ్చీ, ఆ బంధువు రావాలి. చేర్చేటప్పుడే తప్పు చిరునామా రాయించి వెళ్లిపోయిన కుటుంబాల గురించి ఏ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో అడిగినా చెబుతారు. ఆసుపత్రి కార్డు రాస్తుంది, జవాబు రాదు. వచ్చినా, చెల్లెలి పెళ్లి అయ్యేదాకా ఆగమంటుంది. పెళ్లి అయ్యాక పొలం పంపకాలు. ఆ తర్వాత తమ్ముడి పిల్లల చదువులు. ఈలోగా లోపలున్న మనిషి జుట్టు నెరుస్తుంది. దొరల చట్టాన్ని తిట్టుకోవడం తేలిక. ఈ ఉత్తరాలకి జవాబివ్వనిది దొరలు కాదు.

కుటుంబం రాకపోతే ప్రభుత్వం ఏం చేస్తుంది? ఆ ప్రశ్నకి జవాబుగా ఒక్క మనిషి జీవితం చూడొచ్చు. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే తివా గిరిజనుణ్ని 1951లో అరెస్టు చేశారు. వయసు ఇరవైమూడు. విచారణ జరగలేదు, మతిస్థిమితం లేదని తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. ఇతను కోలుకున్నాడు, తీసుకెళ్లండని ఆసుపత్రి 1967లో రాసింది. అతణ్ని తీసుకెళ్లి గౌహతి జైల్లో పెట్టారు. ఇందిరాగాంధీ వచ్చింది, పోయింది. ఎమర్జెన్సీ వచ్చింది, పోయింది. టీవీ వచ్చింది, సెల్‌ఫోను వచ్చింది. 2005 జులైలో జాతీయ మానవ హక్కుల సంఘం జోక్యంతో ఒక్క రూపాయి వ్యక్తిగత పూచీ మీద విడిచిపెట్టినప్పుడు ఆయన వయసు 77. సుప్రీంకోర్టు మూడు లక్షలు పరిహారం, నెలకి వెయ్యి రూపాయలు ఇప్పించింది. రెండేళ్లు బతికి 2007లో చనిపోయాడు.

యాభైనాలుగేళ్ల ఆ నిర్బంధంలో దుర్మార్గుడు ఎవరని వెతికితే దొరకడు. కొట్టినవాడు లేడు, పగబట్టినవాడు లేడు. ఒక ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్లలేదు, అంతే. 1982లో వీణా సేథీ కేసులో సుప్రీంకోర్టు కంటబడ్డ బీహారు హజారీబాగ్ జైలు సంగతీ ఇదే. మతి బాగుపడిందని జైలు అధికారులు రాసినా, విడుదల ఉత్తర్వు రాక ఇరవై ఏళ్లకు పైగా లోపలే ఉండిపోయినవాళ్లు అక్కడ ఉన్నారు. ఏ నేరమూ లేని మానసిక రోగుల్ని జైల్లో పెట్టడమే చట్టవిరుద్ధమని తేల్చడానికి 1993లో షీలా బర్సే కేసు దాకా ఆగాల్సి వచ్చింది.

ప్రభుత్వ ఆసుపత్రి జైలులా ఉంటే జనం ఎక్కడికి పోతారు? గుడికి, దర్గాకి, వాటి చుట్టూ వెలిసిన పూటకూళ్ల లాంటి ప్రైవేటు షెడ్లకి. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున అలాంటి ఒక షెడ్డుకి నిప్పంటుకుంది. లోపలున్నవాళ్ల కాళ్లకి గొలుసులున్నాయి. 28 మంది చనిపోయారు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే అలాంటి చోటు నడవకూడదు. ఆ చట్టం అమల్లోకి రావడానికే 1993 దాకా పట్టింది. వచ్చాక ఎనిమిదేళ్లకి ఏర్వాడి. చట్టం చేయడానికీ అది గేటు దాకా చేరడానికీ మధ్య మన దేశంలో ఉండే దూరాన్ని ఆ తేదీలే చెబుతాయి.

అందుకని ఈ ఆసుపత్రులన్నిటికీ తాళాలేసేద్దామా? అలా అనేవాళ్లు ఉన్నారు, వాళ్ల ఆవేశం అర్థం చేసుకోదగిందే. కానీ అమెరికా ఆ పని చేసి చూసింది. 1955లో అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో దాదాపు 5.59 లక్షల మంది ఉండేవారు. క్లోర్‌ప్రోమజైన్ మందు వచ్చింది, గోడల మీద ప్రజల్లో అసహ్యం పెరిగింది, రాష్ట్రాలకు ఖర్చు తగ్గించుకోవాలని ఉంది. ఊరూరా మానసిక ఆరోగ్య కేంద్రాలు పెడతామని 1963లో కెనెడీ చట్టం మీద సంతకం చేశాడు. తర్వాత ముప్పై ఏళ్లలో ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి, రోగులు 72 వేలకు దిగారు. కేంద్రాలు మాత్రం అనుకున్నవాటిలో సగానికి అటూ ఇటూగా వచ్చాయి. మిగతావాళ్లు వీధుల్లో, వంతెనల కింద, చివరికి జైళ్లలో తేలారు. లాస్ ఏంజెలెస్, షికాగో, న్యూయార్క్ జైళ్లనే ఆ దేశపు అతిపెద్ద మానసిక వైద్యశాలలని పిలిచే రోజొచ్చింది. గేటు తెరిచారు, అవతల మెట్టు కట్టలేదు.

మెట్టు కట్టినవాళ్లూ ఉన్నారు. ఇటలీలోని ట్రియెస్టే ఆసుపత్రికి 1971లో ఫ్రాంకో బసాల్యా డైరెక్టరుగా వచ్చాడు. అక్కడ బట్టల బండి లాగే మార్కో కవాలో అనే ముసలి గుర్రం ఉండేది. దాన్ని కసాయికి అమ్మకుండా రోగులు అర్జీ పెట్టి కాపాడుకున్నారు. 1973లో వాళ్లంతా కలిసి ఆ పేరుతో పెద్ద నీలి గుర్రపు బొమ్మ చేసి ఊరేగింపుగా ఊళ్లోకి తీసుకెళ్లబోతే, అది గేటులో పట్టలేదు. గేటునే పగలగొట్టారు. కథ అక్కడితో అయిపోయి ఉంటే పత్రికలకి మంచి ఫొటో మిగిలేది. బసాల్యా చేసిన అసలు పని ఆ తర్వాతది. ఊళ్లో పేటపేటకీ రాత్రింబవళ్లు తెరిచి ఉండే చిన్న కేంద్రాలు, ఒక్కోదానిలో కొన్ని పడకలు, రోగులే సభ్యులుగా సహకార సంఘాలు, అద్దె ఇళ్లు పెడుతూ పోయి, అవి నిలబడ్డ కొద్దీ వార్డులు మూశాడు. 1978లో ఇటలీ దేశమంతటికీ ఆ దారి చట్టమైంది.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ పాఠాలన్నీ చదువుకునే రాశారని ఒప్పుకోవాలి. 2018 మే 29 నుంచి అది అమల్లో ఉంది. రోగిని గొలుసులతో కట్టకూడదు. మత్తు ఇవ్వకుండా కరెంటు షాకు ఇవ్వకూడదు. బలవంతంగా గుండు గీయకూడదు. తన బట్టలు తాను వేసుకోవచ్చు. పని చేయిస్తే కూలి ఇవ్వాలి. రేపు తనకి మతి తప్పితే ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు. ఈ జాబితా చదువుతుంటే, నిషేధించినవన్నీ నిన్నమొన్నటి దాకా జరుగుతున్నవేనని తెలిసి గుండె ఝల్లుమంటుంది. అన్నిటికంటే విలువైనది 19వ సెక్షను. ఇల్లు లేదనో, ఇంట్లోవాళ్లు రానివ్వడం లేదనో ఏ మనిషినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదని అది చెబుతుంది. ప్రభుత్వాలు సగం దారి ఇళ్లు కట్టాలంటుంది. అంటే, ఆసుపత్రికీ సొంత ఇంటికీ మధ్య కొన్నాళ్లు ఉండే చోటు. రెండో గేటు ఎక్కడుండాలో చట్టం మొదటిసారి గీసి చూపించింది.

గీసిన చోట గోడ కొట్టినవాళ్లు తక్కువ. నయమైనా ఇంటికి పోలేక ఉత్తరప్రదేశ్ ఆసుపత్రుల్లో ఉండిపోయినవాళ్ల గురించి గౌరవ్ బన్సల్ అనే న్యాయవాది వేసిన కేసులో, సగం దారి ఇళ్లు పెట్టమని సుప్రీంకోర్టు 2017లోనే రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. రెండేళ్ల తర్వాత చూస్తే ఒక రాష్ట్రం నయమైనవాళ్లని బిచ్చగాళ్ల ఆశ్రమాలకి పంపి లెక్క సరిచేసుకుంటోంది. కోర్టు ఆపమంది. ఇరవైనాలుగు రాష్ట్రాల్లోని 43 ప్రభుత్వ మానసిక వైద్యశాలల మీద ఆ రోజుల్లోనే వచ్చిన ఒక అధ్యయనంలో, లోపలున్నవాళ్లలో 36 శాతం మంది ఏడాదికి మించి ఉంటున్నవాళ్లేనని తేలింది. దాదాపు ఐదు వేల మంది. కొందరు పాతికేళ్లు దాటినవాళ్లు.

ఇది చేయలేని పని కాదనడానికి మన మధ్యే మనుషులున్నారు. మహారాష్ట్రలో డాక్టర్ భరత్ వాట్వానీ వీధుల్లో తిరిగే మానసిక రోగుల్ని తీసుకొచ్చి, వైద్యం చేసి, ఏ భాష మాట్లాడుతున్నారో పోల్చుకుని, రైలెక్కించి ఊళ్లో దింపి వస్తారు. అందుకే 2018లో ఆయనకి మెగసెసే పురస్కారం వచ్చింది. చెన్నైలో 1993 నుంచి ఉన్న బ్యానియన్ సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. కుటుంబం దొరకని ఆడవాళ్లు నలుగురైదుగురికి మామూలు వీధిలో మామూలు ఇల్లు అద్దెకి తీసిస్తుంది. వంట వాళ్లదే, పక్కింటివాళ్లతో పేచీ కూడా వాళ్లదే. ఒక స్వచ్ఛంద సంస్థ చేతనైనది లక్షల కోట్ల బడ్జెట్టు ఉన్న ప్రభుత్వాలకి చేతకాదంటే నమ్మడం కష్టం.

తెలుగు రాష్ట్రాల సంగతి చూస్తే, 2014 విభజనలో ఎర్రగడ్డ తెలంగాణకి, విశాఖ ఆంధ్రప్రదేశ్‌కి దక్కాయి. ఎర్రగడ్డలో 600 పడకలు, విశాఖలో 300. ఈ అంకెలు పెంచాలన్న డిమాండు అప్పుడప్పుడూ వినిపిస్తుంది. అది తప్పు దిక్కున నడిచే డిమాండు. కావలసినవి జిల్లా ఆసుపత్రిలో పది పడకల మానసిక వార్డు, మండలంలో ఆగకుండా దొరికే మందులు, ఎర్రగడ్డ నుంచి ఇంటికెళ్లిన మనిషి మూడో నెల మందు మానేస్తే తలుపు తట్టే ఒక ఆరోగ్య కార్యకర్త. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టిందే ఇందుకు. పక్కనున్న బళ్లారిలో దాన్ని చేసి చూపించాకే దేశం మొత్తానికీ విస్తరించారు. 2015-16 జాతీయ సర్వే లెక్కన మానసిక జబ్బులున్నవాళ్లలో, జబ్బుని బట్టి, 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. వాళ్లలో ఎక్కువమందికి పెద్దాసుపత్రి పడక అవసరమే పడదు, దగ్గర్లో ఒక డాక్టరు, ఒక మాత్ర చాలు.

ఆసుపత్రుల్లోని డాక్టర్లనీ నర్సుల్నీ దోషులుగా నిలబెట్టడం ఈ చర్చలో మామూలైపోయింది. నిజానికి లోపలి మనిషిని ఇంటికి పంపాలని అందరికంటే ఎక్కువగా తాపత్రయపడేది వాళ్లే. సొంత డబ్బుతో బస్సెక్కి రోగిని ఊళ్లో దింపబోయి, తలుపు తీయకపోతే మళ్లీ వెంటబెట్టుకొచ్చిన వార్డు సిబ్బంది ఉన్నారు. వాళ్ల చేతిలో మందుంది, తాళంచెవుంది. రోగిని దింపడానికి ఒక గది లేదు. ఆ గది కట్టాల్సింది సచివాలయం.

రెండు శాసనసభల్లోనూ ఏటా బడ్జెట్టు మీద రోజుల తరబడి మాట్లాడతారు. అధికార పక్షమైనా, ప్రతిపక్షమైనా, ఎవరో ఒక సభ్యుడు లేచి ఆరోగ్య మంత్రిని ఇంతే అడగాలి: ఎర్రగడ్డలో, విశాఖలో ఇంటికి పంపొచ్చని డాక్టర్లు రాసినవాళ్లు ఈ రోజుకి ఎంతమంది ఉన్నారు, ఒక్కొక్కరూ ఎన్నేళ్లుగా ఉన్నారు, వాళ్ల కోసం ఈ ఏడాది ఎన్ని ఇళ్లు తెరుస్తారు? జవాబు పేర్లు లేకుండా, అంకెలతో, సభ ముందు పెడితే చాలు.